అదే వాద్యం, యజమాని వేరు



సంఘాల్లో తరచుగా వినబడే ఒక బోధ ఉంది. రాక్ సంగీతం సాతాను సంగీతమట. దాన్ని వాయించినవాడు నిజంగా మారుమనస్సు పొందితే మళ్ళీ ఆ గిటారు ముట్టడట, ఆ డ్రమ్స్ దగ్గరికి పోడట. వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని ఈ బోధకు వాక్యంలో ఆధారం లేదు. పైగా ఇది మన యౌవనస్థులను అనవసరంగా గాయపరుస్తోంది. అందుకే ఇది తప్పని నేరుగా చెబుతున్నాను.

అమెరికాలో నీల్ మోర్స్ అనే సంగీతకారుడు ఉన్నాడు. 1992లో తన అన్నదమ్ముడు అలన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో స్పాక్స్ బియర్డ్ అనే రాక్ బ్యాండ్ మొదలుపెట్టాడు. 1970లలో జెనెసిస్, యెస్ లాంటి బ్యాండ్లు వాయించిన పద్ధతి వాళ్ళది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు కూడా సాగుతుంది. మధ్యలో తాళం మారుతుంది, హామండ్ ఆర్గన్, మెల్లోట్రాన్ మ్రోగుతాయి. ఆ పద్ధతికి కాలం చెల్లిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో వీళ్ళు దాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు. పాటలు ఎక్కువగా రాసేది, ముందు నిలబడి పాడేది మోర్సే.

2002లో "స్నో" అనే రెండు డిస్కుల ఆల్బమ్ వచ్చింది. ఆ వెంటనే ఆయన బ్యాండును విడిచిపెట్టాడు. క్రీస్తునందు విశ్వాసముంచిన తరువాత దేవుడు తనను వేరే దారిలో పిలుస్తున్నాడని చెప్పాడు. పదేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న పేరు, జీతం, స్నేహాలు ఉన్న చోటునుంచి లేచి వెళ్ళాడు. వలలు విడిచి వెంబడించడమంటే ఏమిటో చేపల పడవ ఎరిగినవాళ్ళకు నేను వివరించనక్కరలేదు.

మన బోధకుల లెక్క ప్రకారం కథ ఇక్కడ ముగియాలి. కాని మరుసటి సంవత్సరమే, 2003లో, ఆయన సొంతంగా "టెస్టిమొనీ" అనే ఆల్బమ్ తెచ్చాడు. టెస్టిమొనీ అంటే సాక్ష్యము. ఇదీ రెండు డిస్కులే, రెండు గంటల సంగీతం. తన పాత బ్రతుకు, లాస్ ఏంజెలెస్‌లో తిరిగిన ఖాళీ రోజులు, ప్రభువు తనను కనుగొన్న విధము, అన్నీ అందులో పాడాడు. ఏ శబ్దంతో పాడాడు? అదే పాత శబ్దంతో. అదే ఆర్గన్, అదే గిటారు, అవే పొడుగు పాటలు. డ్రమ్స్ వాయించింది అప్పట్లో డ్రీమ్ థియేటర్ అనే హెవీ మెటల్ బ్యాండులో ఉన్న మైక్ పోర్ట్నోయ్. అతిథిగా గిటారు పట్టినవాళ్ళలో 1979లో ప్రభువును ఎరిగిన కాన్సస్ బ్యాండ్ సభ్యుడు కెర్రీ లివ్‌గ్రెన్ ఉన్నాడు. 2005లో మోర్స్ ప్రత్యక్షపు గుడారము గురించి ఒక ఆల్బమ్ అంతా ఇదే శబ్దంతో చేశాడు. 2011లో సాక్ష్యానికి రెండవ భాగం తెచ్చాడు. గుండెలో రంధ్రంతో పుట్టిన తన కుమార్తెను దేవుడు స్వస్థపరచాడని అందులో సాక్ష్యమిచ్చాడు. ఆయన విడిచి వచ్చిన పాత బ్యాండ్ సభ్యులు అందులో ఒక పాటకు గొంతు కలిపారు.

ఇప్పుడు ఆ బోధకులను అడుగుతున్నాను. ఈ మనిషి ఏమి విడిచాడు? ఏమి విడవలేదు? యజమానిని మార్చాడు. పనిముట్టును కొత్త యజమాని చేతికి ఇచ్చాడు. ఆ యజమాని దాన్ని పగలగొట్టకుండా తిరిగి వాడి చేతికే ఇచ్చి, "ఇక నా కొరకు వాయించు" అంటే మధ్యలో అడ్డుపడడానికి మనమెవరం?

వాక్యం చూడండి. ఆదికాండము 4:21లో సితారా, సానిక వాయించేవారికి మూలపురుషుడు యూబాలు. అతడు ఎవరి వంశం? కయీను వంశం. శబ్దానికి పుట్టుకతో పాపం అంటుకుంటుందంటే దావీదు సితారా పట్టకూడదు, 150వ కీర్తనలో సగం వాద్యాలు కొట్టివేయాలి. ఐగుప్తు నుండి ఇశ్రాయేలీయులు తెచ్చుకున్న బంగారం సంగతి చూడండి. నిర్గమకాండము 32లో ప్రజల చెవి పోగులు దూడ అయ్యాయి. 35లో ప్రజల చెవి పోగులే గుడారం పనికి కానుకలయ్యాయి. దూడను మోషే పొడి చేశాడు గాని, బంగారమంతా పారవేయమని దేవుడు చెప్పలేదు.

"ఆ శబ్దం లోకంలోనుంచి వచ్చింది" అంటారు. హామండ్ ఆర్గన్ 1935లో అమ్మకానికి వచ్చినప్పుడు దాన్ని కొన్నవాళ్ళలో అమెరికాలోని చర్చీలు ఎన్నో ఉన్నాయి. పెద్ద పైపుల ఆర్గన్ కొనే శక్తి లేక దీన్ని పెట్టుకున్నారు. అదే ఆర్గన్ లోకపు పాటల్లోనూ మ్రోగింది. మనం పరిశుద్ధంగా ఎంచే హార్మోనియం 1840లలో పారిస్‌లో తయారైంది. మన కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌధరి గారు తాను ఎరిగిన రాగాలను బయట వదిలి రాలేదు. వాటితోనే ప్రభువును పాడారు. ఆయన చేసింది మనకు భక్తి, మోర్స్ చేసింది మనకు లోకమా?

ఇక మన పల్లె మాట. క్రీస్తును ఎరిగిన మన పెద్దలు డప్పు దించారు. అది సరైన పనే. ఊరివాళ్ళు కులం పేరు చెప్పి వెట్టిగా కొట్టించిన డప్పు అది. వాళ్ళు దించింది బానిసత్వాన్ని. కాని ఈ రోజు ఒక యౌవనస్థుడు తన ఇష్టంతో ప్రభువు కొరకు డప్పు పడితే ముఖం చిట్లిస్తాం. మిర్యాము చేతిలోని తంబుర, చట్రానికి తోలు బిగించిన వాద్యమే, మన డప్పుకు దగ్గరి చుట్టమే. పట్నం నుంచి తెచ్చిన కీబోర్డులో అదే దరువు బటన్ నొక్కితే వస్తుంది, అప్పుడు మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ పక్షపాతానికి భక్తి అని పేరు పెట్టకండి.

ఒక మాట ఒప్పుకోవాలి. కొందరికి ఒక వాద్యం చేత పట్టగానే పాత తాగుడు, పాత స్నేహాలు గుర్తుకొస్తాయి. అలాంటివారు దాన్ని దించడమే మంచిది. రోమా 14 ప్రకారం అది వారి మనస్సాక్షి. దాన్ని అందరి మెడకు కాడిగా కట్టకూడదు.

వాయించే పిల్లలారా, మీకూ ఒక మాట. దూడ చేసిందీ బంగారంతోనే. స్పీకర్లు పెంచి, వాక్యం వినబడకుండా చేసి, మీ వేళ్ళ వైపు జనం చూడాలని వాయిస్తే, అది రాక్ అయినా ఆనంద భైరవి అయినా దూడే. మోర్స్ ముందు విడిచాడు, తరువాతే పొందాడు. ఆ వరుస తప్పించకండి. రేపు ప్రభువు దించమంటే దించగలరా? దించగలిగితే ధైర్యంగా పట్టండి.

పెద్దలారా, రక్షణ పొందినవాని చేతులను నరకకండి. ఆ చేతులను కడిగినవాడు క్రీస్తు. వాటిలో ఏమి ఉంచాలో ఆయనకు తెలుసు. సమస్త ఘనత ఆయనకే కలుగును గాక. ఆమేన్.