దర్వాజా నంబరు కాదు, ఎవరికి తెరిచావో చెప్పు బేటా

నా ఝగడా ఒక చిన్న మాటతో. "రన్ అవుతోంది కదా, ఇంకేం కావాలి?" సాఫ్ట్‌వేర్ నేర్పే కోచింగ్ సెంటర్లలో ఉస్తాద్‌లు అనే మాట ఇది. వాళ్ల షాగిర్ద్‌లు మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకునే మాట కూడా ఇదే. పోర్టు దగ్గర ఎర్రర్ వచ్చిందా, నంబరు మార్చు. బయటి నుంచి యాప్ కనపడట్లేదా, 0.0.0.0 అని కొట్టు. పర్మిషన్ లేదంటోందా, ముందు సుడో అని తగిలించు. నడిచిపోతుంది. క్లాసు ఖతం.

ఇది తాలీమ్ కాదు, టోట్కా. టోట్కాతో దగ్గు తగ్గొచ్చు. టోట్కాలు చెప్పేవాడు మాత్రం హకీమ్ అయిపోడు.

"పోర్టుల గొడవ మనకెందుకు భాయ్" అని అమ్మీలూ అబ్బాలూ లేచిపోకండి. మన పిల్లలు మొట్టమొదట రాసే యాప్‌లు ఎవరివో చూడండి. పెద్ద కంపెనీలవి కావు. మామూ దుకాణంలో ఉధార్ ఖాతా. ఖాలా నడిపే స్కూల్లో ఫీజుల లెక్క. మొహల్లాలో ఒక పెద్దమనిషి రిష్తాలు కుదర్చడానికి పెట్టుకున్న సైటు. అందులో ఆడపిల్లల ఫొటోలుంటాయి, పుట్టిన తేదీలుంటాయి, అబ్బాల ఫోన్ నంబర్లుంటాయి. అదంతా అమానత్. అమానత్ ఉన్న ఇంటికి తలుపులెన్ని, అవి ఎటు తెరుచుకుంటాయి అని అడగడం మన హక్కు.

సర్వర్ ఒక పెద్ద హవేలీ అనుకోండి. ఐపీ అడ్రసు ఆ హవేలీ పతా. పోర్టు దాని దర్వాజా నంబరు. నంబరు రాసుకోవడానికి 16 బిట్ల జాగా ఉంది కాబట్టి ఈ నంబర్లు 65535 దగ్గర ఆగిపోతాయి. ఒక్కో దర్వాజా వెనక ఒక్కో ప్రోగ్రామ్ దస్తక్ కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది. దాన్నే లిజన్ చెయ్యడం అంటారు. మామూలు వెబ్‌కు 80, తాళం బొమ్మ ఉన్న సురక్షిత వెబ్‌కు 443. ఈ రెండూ బ్రౌజర్‌కు ముందే మాలూమ్, అందుకే మనల్ని నంబరు అడగదు.

ఈ నంబర్లకు ఒక తమీజ్ ఉంది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన తతు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. 21 ఎఫ్‌టీపీది, 23 టెల్నెట్‌ది. మధ్యలో 22 ఖాళీగా ఉంది. నంబర్ల రిజిస్టరు చూసే ఐయానాకు ఉత్తరం రాసి, అడిగి, ఆ 22 తీసుకున్నాడు. దర్వాజా పెట్టుకునే ముందు అడిగి పెట్టుకున్నాడు. ఆ అడగడమే మన పిల్లలకు ఎవరూ నేర్పట్లేదు.

మొదటి టోట్కా సంగతి చూద్దాం. స్ప్రింగ్ బూట్ 8080 మీద కూర్చుంటుంది, జాంగో 8000 మీద, ఫ్లాస్క్ 5000 మీద. నోడ్ వాళ్లకు 3000 ఆదత్. ఇవి సౌకర్యం కోసం పెట్టిన నంబర్లు, రాతిశాసనాలు కావు. ఒకే అడ్రసులో ఒకే నంబరు మీద ఇంకొకరు ఇప్పటికే కూర్చుని ఉంటే, రెండోవాడికి జాగా లేదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు 8081, అదీ కాకపోతే 8082 అని ఉస్తాద్ చెబుతాడు. అరే, లోపల కూర్చున్నదెవరో చూడవా? లైనక్స్‌లో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ, విండోస్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్ఓ. ఒక్క కమాండ్‌తో జవాబ్ దొరుకుతుంది. చాలాసార్లు అది పిల్లాడే పొద్దున నడిపి ఆపడం మరిచిన పాత ప్రోగ్రామ్. 2021లో మాక్‌ఓఎస్ మాంటెరే వచ్చినప్పుడు ఎయిర్‌ప్లే రిసీవర్ 5000 మీద కూర్చుంది. ఫ్లాస్క్ నేర్చుకునేవాళ్లు తమ కోడ్‌లో గల్తీ ఉందేమోనని వెతుక్కున్నారు. గల్తీ కోడ్‌లో లేదు, దర్వాజా దగ్గర ఉంది.

పైగా ఆ నంబరును కోడ్‌లోనే మేకు కొట్టి బిగిస్తారు. కిరాయి ఇంటి గోడ మీద మన పేరు చెక్కించుకుంటామా? హెరోకూ లాంటి చోట యాప్ లేచే ముందు, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో "ఇవాళ నీ నంబరు ఇది" అని వాళ్లే రాసిస్తారు. యాప్ అది చదువుకుని కూర్చోవాలి. నోడ్‌లో ప్రాసెస్.ఎన్వ్.పోర్ట్ అని, స్ప్రింగ్ బూట్‌లో సర్వర్.పోర్ట్ అని ఒక్క లైను. ఆ లైను చెప్పనందుకే ఇంట్లో నడిచిన యాప్ బయటికి ఎక్కించగానే పడిపోతుంది. పిల్లాడు రాత్రంతా పరేషాన్.

రెండో టోట్కా ఖతర్నాక్. నంబరు ఒక సవాల్, అడ్రసు ఇంకో సవాల్. 127.0.0.1 మీద వింటే ఆ దర్వాజా ఇంటి లోపలివాళ్లకే. 0.0.0.0 మీద వింటే హవేలీకి ఎన్ని వైపులుంటే అన్ని వైపులా తెరుచుకుంటుంది. ఫ్లాస్క్, జాంగో డెవలప్‌మెంట్ సర్వర్లు మామూలుగా లోపలివైపే వింటాయి. ఎక్స్‌ప్రెస్‌లో మనం అడ్రసు చెప్పకపోతే అది అన్ని వైపులా వింటుంది. ఈ ఫర్ఖ్ చెప్పకుండా "0.0.0.0 పెట్టు, పనైపోతుంది" అనడం, చాబీ మరిచిపోయిన పిల్లాడికి తలుపే పీకెయ్యమని సలహా ఇవ్వడం.

నేను 0.0.0.0ను హరామ్ అనట్లేదు. డాకర్ కంటైనర్ లోపల నడిచే యాప్ అలా వినకపోతే, పోర్టు పబ్లిష్ చేసినా దానికి దస్తక్ అందదు. అక్కడ అది జరూరత్. కానీ అదే డాకర్‌లో -పీ 8080:80 అని రాస్తే ఆ 8080 మామూలుగా బయటి ప్రపంచానికి కూడా తెరుచుకుంటుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టుకుని బేఫికర్‌గా ఉన్నా, డాకర్ దాన్ని పక్కనుంచి దాటిపోతుంది. ఇది డాకర్ వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాసి పెట్టిన సంగతి. ముందు 127.0.0.1: అని చేర్చితే దర్వాజా ఇంట్లోకే పరిమితం. ఇన్ని అక్షరాల తేడాలో ఒక ఖాందాన్ ఇజ్జత్ ఉండొచ్చు.

జరిగిన సంగతే చెబుతాను. 2017 జనవరిలో వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లు తుడిచిపెట్టుకుపోయాయి. 27017 పోర్టు బయటికి తెరిచి ఉంది, లోపల పాస్‌వర్డ్ లేదు. వచ్చినవాళ్లు డేటా చెరిపేసి, బిట్‌కాయిన్ ఇస్తే తిరిగిస్తామని చిట్టీ పెట్టి పోయారు. తాళం పగలగొట్టే పని కూడా పడలేదు. తర్వాత 3.6 వెర్షన్ నుంచి మాంగోడీబీ తనంతట తాను లోపలి అడ్రసు మీదే వినేలా మార్చారు. కంపెనీయే పాఠం నేర్చుకుంది, మన ఉస్తాద్‌లు ఇంకా నేర్చుకోలేదు.

మూడో టోట్కా సుడో. లైనక్స్‌లో మామూలుగా 1024 కంటే కింది నంబరు మీద కూర్చోవాలంటే ప్రత్యేక ఇజాజత్ కావాలి. 80 మీద యాప్ నడవట్లేదని మొత్తం యాప్‌ను రూట్‌గా నడిపిస్తారు. గేటు దగ్గర చౌకీదార్ కూర్చోవడానికి కుర్సీ అడిగితే, అల్మారా చాబీల గుత్తి చేతిలో పెట్టినట్టు. రేపు ఆ యాప్‌లో ఒక్క రంధ్రం దొరికితే దూరినవాడు హవేలీకే మాలిక్. సీదా రాస్తా ఉంది కదా. యాప్‌ను లోపల 8080 మీద మామూలు యూజర్‌గా కూర్చోబెట్టి, ముందు 80, 443 దగ్గర ఎన్‌జింక్స్‌ను నిలబెట్టడం. లేదా సిస్టమ్‌డీలో ఆ చిన్న నంబరు వాడుకునే ఒక్క ఇజాజత్ మాత్రం ఇవ్వడం.

"ఎవరికీ తట్టని నంబరు పెట్టుకుంటే చాలు కదా, 47813 అని ఎవరికి తెలుస్తుంది" అని కొందరు హుషార్‌గా అంటారు. 2013లో మిషిగాన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అనే టూల్ తెచ్చారు. గిగాబిట్ కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో, ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తంలో ఒక పోర్టును 45 నిమిషాల్లోపు తట్టి చూడొచ్చని చూపించారు. తెరిచి ఉన్న దర్వాజాల జాబితా ఉంచే షోడాన్ 2009 నుంచే ఉంది. గల్లీ చివర ఇల్లు కట్టుకున్నంత మాత్రాన దొంగకు దారి తెలియకుండా పోదు.

ఇంకో బహానా కూడా విన్నాను. "ఇవన్నీ మొదట్లోనే చెబితే పిల్లలు బెదిరిపోతారు, నౌకరీలో చేరాక నేర్చుకుంటారు." బెదిరిపోవడానికి ఏముంది? ఏ నంబరు, ఏ అడ్రసు, ఎవరి ఇజాజత్. మూడు సవాళ్లు, ఒక గంట క్లాసులో పది నిమిషాలు. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు తప్పు దిద్దడానికి ఇంజనీర్ మామూ లేడు, కంపెనీలో చాచా లేడు. కోచింగ్‌లో చెప్పిందే వాళ్లకు మొదటి మాట, చాలాసార్లు ఆఖరి మాట. అబ్బా ఆటో తోలి, అమ్మీ మిషన్ కుట్టి కట్టిన ఫీజు అది. ఆ ఫీజుకు టోట్కాలు అమ్మడం ధోకా.

అందుకే తల్లిదండ్రులకు నా దరఖాస్తు. కోడింగ్ రాకపోయినా ఫికర్ లేదు. ఇంటికి తాళం వేసిన ప్రతి మనిషికీ ఈ సవాళ్లు అడిగే అర్హత ఉంది. పిల్లాడు లాప్‌టాప్ తెచ్చి "అమ్మీ, నా యాప్ చూడు" అన్నప్పుడు షాబాష్ అనండి. తర్వాత అడగండి, "బేటా, ఇది ఏ దర్వాజా దగ్గర వింటోంది? ఆ దర్వాజా ఎవరెవరు తట్టొచ్చు? లోపల ఎవరి అమానత్ ఉంది?" జవాబ్ వస్తే దిల్ ఖుష్ చేసుకోండి. రాకపోతే బిడ్డను తిట్టకండి. మర్నాడు పొద్దున్నే కోచింగ్‌కు వెళ్లి, ఫీజు తీసుకున్నవాణ్ని అవే మూడు మాటలు అడగండి.