రెండు బీగాల బీరువా

మా హిందూపురం సంఘంలో ప్రభుభోజనం గిన్నెలుండే బీరువాకు మూడేండ్లుగా రెండు బీగాలు. ఒకటి కమిటీ ఎన్నికల్లో గెలిచినవాళ్ళది, ఇంకొకటి ఆ ఎన్నిక చెల్లదన్నవాళ్ళది. గెలిచినవాళ్ళ బీగంచెవి నా దగ్గరే ఉంటుంది. అవతలివాళ్ళు రాని ఆదివారం ప్రభుభోజనం ఉండదు. పోయిన నెల ముందువరసలో కూర్చునే అవ్వ ఒకామె "ఈసారి కూడా లేదా నాయనా?" అని పాస్టరయ్యగారిని అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడి, చెప్పులు వెదుక్కుంటూ వెళ్ళిపోయింది.

మొదట జగడం డ్రమ్ముల మీద. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తప్ప ఇంకేవీ వద్దని పెద్దలు, అవి మాత్రమే అయితే పిల్లలు రారని పడుచువాళ్ళు. తర్వాత లెక్కల పుస్తకం, ఆ తర్వాత కోర్టు. ధర్మవరంలో మా చెల్లెలి కూతురి పెండ్లికి రెండు వర్గాలూ వచ్చాయి గానీ, ఒక్క పంక్తిలో కూర్చోలేదు.

మా కంటే పెద్ద చీలికలను కలపడానికి కూర్చున్నవాళ్ళున్నారు. వేర్వేరు సంఘాలను ఒకటి చేయాలని 1919లో దోర్నకల్ బిషప్ అజరయ్య మొదలైనవాళ్ళు తరంగంబాడిలో సమావేశమయ్యారు. ఎక్కువమంది మన దేశస్థులే. ఎక్కడో యూరపులో పుట్టిన చీలికలను మనమెందుకు మోయాలన్నది వాళ్ళ బాధ. బిషప్ చేతులుంచి అభిషేకించని పాదిరి పాదిరేనా అన్న చిక్కుముడి దగ్గరే ఏండ్లు గడిచాయి. 28 ఏండ్లు మాట్లాడారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేనాటికి అజరయ్య లేరు, 1945లోనే పోయారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పని ఆరాధనను గానీ, పాదిరిని గానీ రుద్దకూడదని మాట ఇచ్చుకున్నారు. అంత చేసినా నంద్యాల వైపు ఆంగ్లికన్లు కొందరు చేరలేదు. అయినా ఆ మాట గొప్పది. మేమేమో డ్రమ్ముల కోసం 28 వారాలైనా కూర్చోలేదు.

ఈమధ్య పెనుకొండకు పోయి, అవతలి వర్గంలో ఉన్న మా చిన్నాయన కొడుకును కలిశాను. "నీ బాధేమిటో నేను చెప్తా, తప్పుంటే దిద్దు" అన్నాను. లెక్కలన్నాను, ఎన్నికలన్నాను. అన్నీ విన్నాడు. "అది కాదక్కా. నాయిన శవపెట్టెను గుడికి తెచ్చినరోజు మీవాళ్ళు గంట కొట్టనియ్యలేదు" అన్నాడు. ఆరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఎండ, జనం, పొద్దుపోతోందన్న తొందర, అవే గుర్తున్నాయి నాకు.

బీరువా ఎవరిదో కోర్టు తేల్చవచ్చు. గంట సంగతి అక్కడ ఎవరూ అడగరు. అందుకే రెండు వర్గాలనూ వేడుకుంటున్నాను: వచ్చే వాయిదాకు ముందు ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోండి. అవతలివాళ్ళ బాధను మీ నోటితో చెప్పండి. "అవును, ఇదే నా మాట" అని వాళ్ళు ఒప్పుకున్నాకే మీ జవాబు మొదలుపెట్టండి. కీర్తనలకు ఒక పూట, డ్రమ్ములకు ఒక పూట ఇవ్వడం ఆ తర్వాత ఎంత పని?

ఈ ఆదివారం ఆరాధనకు ముందే నా బీగంచెవి పాస్టరయ్యగారి బల్లమీద పెడతాను. అవతలివాళ్ళు తమది పెట్టేదాకా ఆగను. తమ్ముడు వస్తానన్నాడు. వస్తే గంట తాడు వాడి చేతికే ఇస్తాను.