బురుజు మనదే, దుష్మన్ ఎవరు?

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే మా నందివాడలో చేపల చెరువుల మీద జనరేటర్ల మోత తప్ప ఇంకేం వినపడదు. మొన్న అలాంటి వేళ మా చిన్నోడు ఫోన్ పట్టుకుని నా పక్కన చేరాడు. కాసేపటికి అడిగాడు: "అబ్బా, ఈ దుష్మన్లంతా ఫోటోలో మన దాదా లాగా తలకి రుమాలు చుట్టుకున్నారేంటి?"

వాడు ఆడుతున్నది కింగ్‌డమ్ రష్ ఫ్రంటియర్స్. దాన్ని వాడికి నేర్పింది నేనే. అందుకే జవాబు చెప్పే జిమ్మేదారీ కూడా నాదే అయింది.

తెలియని దోస్తుల కోసం నాలుగు ముక్కలు. ఈ రకం ఆటని టవర్ డిఫెన్స్ అంటారు. దుష్మన్ ఫౌజు ఒక దారిన వస్తుంటుంది. దారి పక్క ఖాళీ జాగాల్లో మనం బురుజులు లేపాలి. వాళ్ళని చంపితే బంగారం వస్తుంది, దాంతో ఇంకో బురుజు. మనకి ఇరవై ప్రాణాలు. దాటిపోయిన వాడల్లా కొన్ని పట్టుకుపోతాడు. తెలుగులో మనం వాడే 'బురుజు' కూడా అరబీ 'బుర్జ్' నుంచి వచ్చిందే. అందుకో ఏమో, ఈ ఆట మొదటిరోజే నాకు పరాయిదనిపించలేదు.

తీసింది దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశపు చిన్న కంపెనీ ఐరన్‌హైడ్. మొదటి భాగం 2011లో, ఈ రెండోది 2013లో వచ్చాయి. మొదటి దాంట్లో అడవులు, మంచుకొండలు. రెండో దాంట్లో రేగిస్తాన్, తర్వాత జంగిల్, ఆఖరికి భూమి కింద చీకటి లోకం.

ముందు ఖూబీలు చెప్పాలి, అదే ఇన్సాఫ్. మొదటి భాగంలో హీరో ఎంత కష్టపడి ఎదిగినా తర్వాతి మైదానంలో మళ్ళీ అలీఫ్, బే నుంచి మొదలు. ఇక్కడ సంపాదించిన తజుర్బా వాడితోనే ఉంటుంది, ఏ హునర్ పెంచాలో మనమే తేల్చుకోవచ్చు. దుష్మన్లకి కూడా అఖల్ పెరిగింది. ఇసక కింద నుంచి పాక్కుంటూ వచ్చేవాడు ఒకడుంటాడు, వాడు పైకి తేలేదాకా మన బాణాలు బేకార్. మైదానాలు కూడా ఊరికే బొమ్మల్లా పడుండవు. ఒక రేవులో డబ్బిస్తే సముద్రపు దొంగల ఓడ మన తరఫున ఫిరంగి పేలుస్తుంది.

ఈ మెలికలు నాకెందుకు నచ్చాయో బందరు కోట చూసినవాళ్ళకి తెలుస్తుంది. 1759 ఏప్రిల్‌లో ఆ కోట ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. బురుజులున్నాయి, చుట్టూ చిత్తడి నేల ఉంది. బయట కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు ఫౌజు, లోపలి వాళ్ళ కంటే తక్కువ మంది. రాత్రిపూట దొంగదాడి చేసినట్టు చిత్తడి వైపు కొందరిని పంపి, అసలు హమ్లా ఇంకోవైపు బురుజు మీద చేశాడు. తెల్లారేసరికి కోట పోయింది. దుష్మన్ మనం అనుకున్న దారినే వస్తాడని బురుజు కట్టినవాడు నమ్మితే అయ్యేది అదే. ఫ్రంటియర్స్ ఆ సంగతి కొంతైనా గుర్తుపెట్టుకుంది.

ఇక ఖామీలు. పునాది మారలేదు. విలుకాళ్ళు, సిపాయిలు, జాదూగర్లు, ఫిరంగులు: పాత నాలుగు రకాలే, పై అంతస్తుకి కొత్త రంగేశారు. ఆట కొన్నాక కూడా ఫోన్‌లో మంచి మంచి హీరోలకి విడిగా పైసలు కట్టాలి. కంప్యూటర్ మీద ఆడేవాళ్ళకి అందరినీ కలిపే ఇచ్చారు. ఫోన్ పట్టుకున్న పిల్లాడి జేబుకేనా ఈ చిల్లు?

కానీ నాకు అసలు గుచ్చుకున్నది చిన్నోడు అడిగిన మాట. రేగిస్తాన్ మైదానాల్లో మన మీదకొచ్చే గుంపు రుమాళ్ళు, వంకర కత్తులతో ఉంటుంది. ఆ భాగం ఆఖర్న వచ్చే పెద్ద దుష్మన్ పేరు ఎఫ్రీటీ, అంటే మన ఇఫ్రీత్. మా నానీ చెప్పిన ఇఫ్రీత్ హజ్రత్ సులేమాన్ దర్బార్‌లో నిలబడి, మీరు లేచేలోపు బిల్కీస్ రాణి తఖ్త్ తెచ్చిపెడతానన్న జిన్. ఆటలో వాడు ఒట్టి దయ్యం, అంతే.

ఇంకో తమాషా చూడండి. సిపాయిల బురుజుని పైదాకా పెంచితే రెండే దారులు: అసాసిన్లు, లేదంటే నైట్స్ టెంప్లర్లు. టెంప్లర్లంటే సలీబీ జంగుల్లో జెరూసలేం కేంద్రంగా లడాయి చేసిన క్రైస్తవ యోధులు. అసాసిన్లంటే 1090లో హసన్ సబ్బా పట్టుకున్న అలమూత్ ఖిల్లా వాళ్ళు. ఇద్దరి తారీఖునీ పక్కనపెట్టి, బొమ్మలు మాత్రం ఒకే దుకాణంలో అమ్ముతున్నారు.

అలాగని ఆట తీసినవాళ్ళ దిల్‌లో నఫ్రత్ ఉందని నేననను. మనం కాపాడే హామర్‌హోల్డ్ కూడా రేగిస్తాన్ షహరే. మొదట్లో దొరికే హీరో ఆల్రిక్ ఆ ఇసకలోని వాడే, ఇసకతోనే సిపాయిల్ని లేపుతాడు. వాళ్ళు పాత హాలీవుడ్ సినిమాల్లోంచి తెచ్చుకున్న రేగిస్తాన్ ఇది. అయితే సినిమాలో వాణ్ణి ఒక్కసారి చూస్తాం. ఆటలో ఒక్క మధ్యాహ్నంలో వందలసార్లు మన వేలితో మనమే చంపుతాం. పదకొండేళ్ళ పిల్లాడి కళ్ళకి అది ఆదత్ అయిపోతుంది. ఇంత అఖల్‌మందులు దుష్మన్‌కి కొత్త చాల్ ఇవ్వగలిగినప్పుడు కొత్త శకల్ ఇవ్వలేకపోయారా?

ఫోన్ లాక్కోలేదు. హామర్‌హోల్డ్ ఎవరిదో, ఆల్రిక్ ఎక్కడివాడో చూపించాను. సులేమాన్ దర్బార్ ఖిస్సా చెప్పాను. అంతా విని, "అయితే అబ్బా, ఆ ఇఫ్రీత్‌ని మన పార్టీలోకి తీసుకోవచ్చుగా?" అన్నాడు.

ఆ బటన్ ఈ ఆటలో లేదు బేటా.