కర్ణుడికి యముడేమవుతాడు?

1977లో ఎన్.టి. రామారావు ‘దానవీరశూర కర్ణ’లో కర్ణుడు. అదే ఏడు ‘యమగోల’లో సత్యనారాయణ యముడు. ఆయన లోకంలో సమ్మె లేవదీసి హడలగొట్టిందీ రామారావే! సరే, కర్ణుడూ యముడూ ఏమవుతారు? అన్నదమ్ములు. ఇద్దరూ సూర్యుడి కొడుకులే. పైగా ధర్మరాజు యముడి కొడుకు కదా, తల్లివైపు కర్ణుడు అతనికి అన్న, తండ్రివైపు బాబాయి. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా తల పట్టుకోవాల్సిందే.

ఇంకోటి. ‘మాయాబజార్’ ఘటోత్కచుడి తమ్ముడు అభిమన్యుడు, అతని భార్య ఉత్తర, ఆ ఉత్తర మేనమామ ‘నర్తనశాల’ కీచకుడు. రెండు వేషాలూ ఎస్వీ రంగారావువే!

అమెరికా రచయిత ఫిలిప్ హోసే ఫార్మర్ 1972లో టార్జాన్ జీవితచరిత్ర రాస్తూ షెర్లాక్ హోమ్స్‌ని చుట్టం చేసేశాడు. 1795లో ఇంగ్లండులోని వోల్డ్ న్యూటన్‌లో ఉల్క పడిందట (పడ్డమాట నిజమే), ఆ పక్కన బండ్లలో పోతున్నవాళ్ళ సంతతే ఈ వీరులూ విలన్లూనట!

ఇది విని జనగామ వైపు పటం కథలు ఎరిగిన ముసలివాళ్ళు నవ్వుతారు. అక్కడ కులానికో పురాణం, పురాణానికో వంశవృక్షం. పద్మశాలీల కథే చూడండి. మార్కండేయుడి మెడకు పాశం వేశాడు యముడు, శివుడు అడ్డుపడ్డాడు. మన సినిమా అక్కడే శుభం కార్డు వేస్తుంది. పటం ఆగదు. మార్కండేయుడి కొడుకు భావనారుషి, అతని భార్య భద్రావతి. ఆమె ఎవరనుకున్నారు? సూర్యుడి కూతురు! అంటే పాశం విసిరిన విలనే ఆ ఇంటి కోడలికి తోడబుట్టినవాడు. భద్రావతి పిల్లలకు ఒక మేనమామ యముడు, ఇంకో మేనమామ కర్ణుడు. (కర్ణుడి ముడి నేను వేసిందే లెండి, కథకులది కాదు.)

చేర్యాల చిత్రకారులు రాసిన గజాల పొడవు పటాన్ని వరుస వరుసగా విప్పుతూ రాత్రుళ్ళు చెప్పే కథ ఇది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథకులు తగ్గిపోయారు. ఆ బొమ్మలిప్పుడు చిన్న ముక్కలై డ్రాయింగు రూముల్లో గోడలెక్కుతున్నాయి. గోడమీది యముడు తన చెల్లెలెవరో చెప్పడుగా!

జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ఎక్కడైనా పటం కట్టారని తెలిస్తే ఆ పూట సెకండ్ షో మానండి. యముణ్ణి చూసి లేచి వచ్చేశారో, భద్రావతి పెళ్ళి తప్పిపోతుంది.