పేరు వెనుక కథ: మునెమ్మ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పల్లెల్లో "మునెమ్మా!" అని కేకేస్తే ఒకప్పుడు వీధికి ఇద్దరైనా పలికేవారు. ఇప్పుడది అవ్వల పేరు. నామకరణానికి పేర్లు వెదికేవారు దాన్ని తలచుకోవడం అరుదు. పాతపేరని పక్కన పెట్టేముందు అందులో ఏముందో చూద్దాం.

ముని అంటే మననం చేసేవాడు. మౌనం అనే మాట ముని నుంచి పుట్టిందే. ఋగ్వేదం పదో మండలంలో మునుల గురించి ఒక సూక్తమే ఉంది. అయితే మన పెద్దలు ఈ పేరును పెట్టింది వేదం చూసి కాదు, ఊరి పొలిమేరలో చెట్టుకింద వెలసిన మునీశ్వరుణ్ణి చూసి. ఆయన ఊరికి కావలి దేవుడు. బిడ్డలు పుట్టకపోయినా, పుట్టినవారు దక్కకపోయినా ఆయనకు మొక్కుకునేవారు. మగబిడ్డయితే మునెప్ప, మునిరాజు, మునిరత్నం. ఆడబిడ్డయితే మునెమ్మ. మగదేవుడి పేరుకు అమ్మనో అక్కనో చేర్చి ఆడబిడ్డకు పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. వెంకటమ్మ, నరసమ్మ, రామక్క అలా వచ్చినవే.

ఆది, అమ్మ కలిసి ఆదెమ్మ అయినట్టే ముని, అమ్మ కలిసి మునెమ్మ అయింది. ఇదే పేరు తమిళంలో మునియమ్మాళ్, కన్నడంలో మునియమ్మ. దేవుడొక్కడే, పిలుపులు మూడు.

దేవుణ్ణి తలచి ఆడపిల్లకు పేరు పెట్టడం దూరదేశాల్లోనూ ఉంది. యూరప్‌లోని చెక్ దేశంలో 'బొజెనా' అనే పేరు అలాంటిదే. స్లావ్ భాషల్లో దేవుణ్ణి 'బోగ్' అంటారు. మన 'భగవంతుడు'లోని 'భగ'కు అది చుట్టమని భాషావేత్తలు చెబుతారు. ఆ పేరుగల ప్రసిద్ధ రచయిత్రి బొజెనా నెమ్‌త్సోవా (1820-1862) 1855లో 'బాబిచ్కా' అనే పుస్తకం రాసింది. బాబిచ్కా అంటే అవ్వ. నిజానికి ఆమెకు మొదట పెట్టిన పేరు బార్బోరా. అధికారమూ చదువులూ జర్మన్ భాషలో సాగుతున్న ఆ రోజుల్లో ఆమె కోరి చెక్ పేరు పెట్టుకుంది.

మన సంగతికి వద్దాం. తమిళనాట ఇంటిపేరు రాసే అలవాటు తక్కువ. పేరుముందు తండ్రిపేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. ఇక మన భాషకు గుర్తుగా మిగిలేది పెట్టిన పేరే. కార్డుల్లో అది మునియమ్మాళ్ అయిపోతే, 'మునెమ్మ' ఇంట్లోవాళ్ల నోట మాత్రమే బతకాలి. పిలిచేవాళ్లు పోతే పిలుపూ పోతుంది.

మీ ఇంట్లో మునెమ్మ అవ్వ ఉంటే, ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ మొక్కు తీర్చడానికి పెట్టారో అడిగి తెలుసుకోండి. పిల్లల చేత తెలుగులో రాయించి దాచండి. పుట్టబోయే మనవరాలికి బడిలో ఏ పేరున్నా సరే, ఇంట్లో ముద్దుపేరుగానైనా అవ్వ పేరు పెట్టండి.