తెలుగు కొట్టే కంప్యూటరుకు క్యాప్స్‌లాక్ ఎందుకు?

కంప్యూటర్ని "మనకు తగ్గట్టు మార్చుకోవడం" అంటే చాలామందికి గుర్తొచ్చేది వాల్‌పేపరు, చీకటి రంగు థీము, కిందుండే పట్టీని పైకి జరపడం. నేనూ చేస్తాను అవన్నీ, తప్పేం లేదు. కానీ తెలుగులో పని చేసుకునేవాడు అసలు మార్చుకోవాల్సింది వేరే ఉంది. అంగట్లోంచి వచ్చిన కంప్యూటరు ఇంగ్లీషు కొట్టేవాడి కోసం సర్దిపెట్టి ఉంటుంది. తెలుగు అందులో ఉండదని కాదు. ఉంటుంది, అటక మీద. దించుకోవాలి. ఆ దించే పని మనవాళ్ళు చెయ్యట్లేదనీ, చేసే నాలాంటి సాఫ్ట్‌వేరు వాళ్ళు కూడా తమకు అలవాటైన పద్ధతినే అవతలివాళ్ళ నెత్తిన పెడుతుంటారనీ నా గోల.

మాటల్లో చెప్తే తేలదు కాబట్టి ఒక షాపు సంగతి చెప్తాను.

కుందుర్పి తెలియనివాళ్ళకు: అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం అవతల, కర్ణాటక సరిహద్దు పక్కనున్న మండల కేంద్రం. ఊరికి కొండ, కొండ మీద పాత కోట, చుట్టూ మెట్ట నేల. జిల్లా సగటు వానే ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ పడితే. అక్కడ మా చిన్నాన్న కొడుకు ఒక జిరాక్స్ షాపు నడుపుతాడు. జిరాక్సు పేరుకే. వాడి అసలు పని అర్జీలు కొట్టడం. వన్-బీలో పేరు తప్పు పడింది, అడంగల్లో విస్తీర్ణం తగ్గింది, శెనక్కాయ పంటకు బీమా రాలేదు, పింఛను ఆగిపోయింది... 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఆన్‌లైన్ పనులు చాలా అటు పోయాయి గానీ, అర్జీ మాత్రం ఎవరో ఒకరు తెలుగులో కొట్టి ఇవ్వాల్సిందే.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది కదా. వాడి యంత్రం విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 లేని పాతది. "కొత్తది కొనల్లా అన్నా?" అని ఫోను చేశాడు. వద్దన్నాను. ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొనుక్కుని, పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ వేసుకుని బెంగళూరు నుంచి శనివారం పొద్దున బస్సెక్కాను.

వాడి దగ్గర చూసిన మొదటి సంగతి: ఏళ్ళ తరబడి కొట్టిన అర్జీలన్నీ పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో ఉన్నాయి. మన ఊళ్ళలో డీటీపీ అంటే అదే మరి. ఫైళ్ళ పేర్లు "న్యూ1", "న్యూ2", "రైతు ఫైనల్", "రైతు ఫైనల్ ఫైనల్", అవి కూడా ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక రైతు వచ్చి "పోయినేడు నువ్వు కొట్టిచ్చిన కాయితమే మళ్ళా కావల్లప్పా" అంటే, వీడు ఒక్కో ఫైలూ తెరిచి చూడాలి. వెతుకుదామంటే వెతకడానికి అందులో తెలుగు లేదు. అవును, తెర మీద కనిపిస్తుంది, కాయితం మీద పడుతుంది, కానీ ఫైలులో ఉన్నది లాటిన్ అక్షరాల సంకేతాలు. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగిన ఫాంటు తీసేస్తే ఫ్రెంచి అక్షరాలకు దయ్యం పట్టినట్టు ఉంటుంది. యూనికోడు 1991 నుంచీ ఉంది, అందులో తెలుగుకు 128 స్థానాల సొంత గది ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది, కాకపోతే సీడీ పెట్టి ఆ సంక్లిష్ట లిపుల వసతిని విడిగా వేసుకోవాల్సి వచ్చేది. అప్పుడు వేసుకోనివాళ్ళు అలవాటులో ఉండిపోయారు.

సరే, యూనికోడుకు మారు అంటే వాడు చెప్పిన అభ్యంతరం న్యాయమైనది. "నా వేళ్ళకి యాపిల్ తప్ప వేరే రాదన్నా." ఇక్కడ యాపిల్ అంటే ఫోను కాదు, అనులో ఒక కీల వరుస పేరు. అనంతపురంలో డీటీపీ నేర్చుకున్నప్పుడు పట్టుబడిన వరుస. కళ్ళు మూసుకుని కొడతాడు. నాలాంటివాడు ఇక్కడ ఏం చేస్తాడంటే, లేఖిని తెరిచి చూపించి "ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చేస్తుంది, చూడు ఎంత సులభమో" అంటాడు. మనకు సులభం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లీషు కీబోర్డు మీద బతికే మనకు ఆర్టీఎస్ వరప్రసాదం. దాని పుణ్యాన తెలుగు రాయడం మొదలెట్టినవాళ్ళు వేలమంది, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. కానీ తెలుగు మీడియంలో చదివి, తెలుగులో ఆలోచించి, తెలుగు కీలు నేర్చినవాణ్ణి "ళ" కావాలంటే పెద్ద ఎల్లు, "ణ" కావాలంటే పెద్ద ఎన్ను అని ఇంగ్లీషు చుట్టూ తిప్పడం దేనికి?

లినక్స్‌లో ఐబస్ అని ఒకటుంది, దానికి ఎం17ఎన్ అనే కీబోర్డుల మూట తోడు. ఆ మూటలో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్, ఐట్రాన్స్, పోతన, సరళ... వీటితో పాటు యాపిల్ కూడా ఉంది! అంటే వేళ్ళు పాత వరుసలోనే కదులుతాయి, ఫైలులో పడేది మాత్రం అసలైన తెలుగు. ఇది ఉందని వాడికి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. పెట్టి ఇచ్చాను. మొదటి పావుగంట ఒకటి రెండు కీల దగ్గర తడబడ్డాడు. తర్వాత ఒక పూర్తి అర్జీ కొట్టేసి, ఇంకేదో గుర్తొచ్చినవాడిలా వెతికే డబ్బాలో ఒక ఊరి పేరు కొట్టి చూశాడు. దొరికింది. "ఓరి దీని" అన్నాడు. అంతకు మించి పొగడ్త వాడి నోటెంట నేను వినలేదు.

ఇంకో మనిషి సంగతి ఇంకా బాగుంటుంది. మా మరదలు, అంటే వాడి భార్య, చళ్ళకెర వైపు పల్లె నుంచి వచ్చింది. కన్నడంలో చదువుకుంది, ఇంట్లో తెలుగే. మధ్యాహ్నాలు షాపులో కూర్చుంటుంది, టైపింగు రాదు. సరిహద్దు అవతలి వాళ్ళు కన్నడ కాయితాలకు వస్తే వెనక్కి పంపేస్తుంటారు. ఆమెకు వేరే లాగిన్ పెట్టి ఇన్‌స్క్రిప్టు ఇచ్చాను. కారణం ఉంది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఉన్న ఈ వరుసలో మన దేశపు లిపులు చాలావాటికి ఒకే అమరిక. దాదాపుగా ఎడం చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి హల్లులు. ఇంగ్లీషు కె ఉన్న కీ తెలుగులో పెడితే క, కన్నడంలో పెడితే కన్నడ క. యూనికోడులో కూడా అంతే: తెలుగు గది పక్కనే కన్నడ గది, మన క నుంచి సరిగ్గా 128 స్థానాలు లెక్కపెడితే వాళ్ళ క.

"కుందుర్పి" కొట్టాలంటే కె, జి, ఎక్స్, ఓ, జి, జె, డి, హెచ్, ఎఫ్. తొమ్మిది నొక్కులు. కన్నడంలోకి మారి అవే తొమ్మిది నొక్కితే అదే ఊరు కన్నడంలో వస్తుంది. ఆమె రెండుసార్లు చేసి చూసి, "అయితే ఒకటి నేర్చుకుంటే రెండూ వచ్చినట్టే కదా బావగారూ" అంది. అంతే. (ఆర్టీఎస్‌లో లెక్కేశాను, షిఫ్టుతో కలిపి అక్కడా తొమ్మిదే. కాబట్టి నొక్కులు తక్కువ అని వాదించేవాళ్ళను నమ్మకండి, విషయం అది కాదు.)

ఇక క్యాప్స్‌లాకు. తెలుగుకు పెద్ద బడి, చిన్న బడి లేదు. కీబోర్డు మీద అంత మంచి చోటులో, చిటికెన వేలి పక్కన, అంత పెద్ద కీ ఊరికే పడి ఉంది. కీబోర్డు అమరికల్లోకి వెళ్ళి దాన్ని భాష మార్చే మీటగా పెట్టాను. ఒకసారి నొక్కితే తెలుగు, ఇంకోసారి కన్నడం, మూడోసారి ఇంగ్లీషు. కీబోర్డు మీది దీపాన్ని కూడా అప్పగించవచ్చు: ఇంగ్లీషులో ఉంటే ఆరిపోయి, వేరే భాషలో ఉంటే వెలుగుతుంది. సగం వాక్యం ఇంగ్లీషు చెత్తగా పడ్డాక తలెత్తి చూసుకునే బాధ తప్పింది. మీరు ఇంకేమీ చెయ్యకపోయినా ఇదొక్కటి చేసి చూడండి, దండం పెడతాను.

అక్కడే ఇంకో చిన్న ఆప్షన్ ఉంది, ఎవరూ పట్టించుకోరు. షిఫ్టుతో పాటు స్పేసు నొక్కితే కంటికి కనిపించని "విడదీసే" అక్షరం పడేలా పెట్టుకోవచ్చు. తెలుగువాళ్ళకు అది ఎంత అవసరమో అర్జీలు కొట్టేవాళ్ళకు తెలుసు. అది లేకపోతే "రేషన్‌కార్డు" కాస్తా "రేషన్కార్డు" అయిపోతుంది, న కింద క వేలాడుతూ. చదివే గుమాస్తా ఒక క్షణం ఆగుతాడు. ఆ ఆగడం అర్జీకి మంచిది కాదు.

లిబ్రె ఆఫీసులో తెలుగు ఫాంటు ఎంచుకున్నా మారట్లేదని చాలామంది విసుక్కుని వదిలేస్తారు. దానికి పాశ్చాత్య లిపుల ఫాంటు వేరు, మనలాంటి లిపుల ఫాంటు వేరు. ఆప్షన్స్‌లో భాషల దగ్గర సంక్లిష్ట లిపి అనేదానికి టిక్కు పెట్టి, భాష తెలుగు అని చెప్తే గానీ రెండో గది తలుపు తెరుచుకోదు. తెరిచాక మామూలు పేజీకి మండలి, శీర్షికకు రామభద్ర పెట్టాను. రెండూ ఉచితం, స్వేచ్ఛా లైసెన్సు. నాకు పోతన ఇష్టం, కానీ షాపు నాది కాదు. వరుసల మధ్య ఖాళీ కొంచెం పెంచాను, ఒత్తులు కింది వరుస గుడులతో పోట్లాడకుండా. "తహసీల్దారు గారి దివ్యసముఖమునకు" అనే తలకట్టంతా ఆటోటెక్స్టులో దాచి, రెండక్షరాల గుర్తు కొట్టి ఎఫ్3 నొక్కితే వచ్చేలా చేశాను. జిల్లా పేరు అధికారికంగా "అనంతపురము". చెయ్యి మాత్రం "అనంతపురం" అనే కొడుతుంది. దాన్ని ఆటోకరెక్టుకు అప్పజెప్పాం. పాత ఫైళ్ళన్నీ మార్చే పని పెట్టుకోలేదు. మార్చే పనిముట్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు చేస్తే భూమి కాయితంలో పేరు మారిపోతుంది. అడిగినవాళ్ళది అడిగినప్పుడు మళ్ళీ కొట్టడమే మేలు.

ఇప్పుడు నన్ను తిట్టడానికి ఒక అవకాశం ఇస్తాను. మెనూలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచాను. తెలుగు స్థానికీకరణ మీద ఎందరో రాత్రుళ్ళు కూర్చుని పని చేశారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ "దస్త్రం", "వీక్షణ", "అమరికలు" అని చూపిస్తే మావాడు "ఇదేందన్నా, ఫైలు యాడికి పోయింది?" అన్నాడు. తమాషా ఏంటంటే షాపు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనకు మాత్రం దస్త్రం అంటే వెంటనే తెలిసింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కల కట్టను ఆయన ఆ పేరుతోనే విన్నాడు. మాట మంచిదే, ఆ మాట వాడే మనిషి కంప్యూటరు ముందు లేడు. రాసేది తెలుగులో ఉండాలి, మీట పేరు ఏ భాషలో ఉంటే ఏం?

"ఫోనుకు చెప్తే అదే తెలుగులో రాసేస్తుంది, ఈ కీబోర్డుల గొడవ ఇంకా ఎందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. మా షాపులోనే ప్రయత్నించాం. పక్కన జిరాక్సు మిషను, ముందర నలుగురి మాటలు, చెప్పేది మా అనంతపురం యాస. వాక్యం బాగానే పట్టుకుంది. సర్వే నంబరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఈ మూడూ తప్పు. అర్జీలో ఉండేదే ఆ మూడు.

విండోస్‌ను పూర్తిగా పీకెయ్యలేదు. వేలిముద్ర పెట్టి డబ్బులిచ్చే యంత్రం తాలూకు సాఫ్ట్‌వేరు దాంట్లోనే నడుస్తుంది. సపోర్టు అయిపోయిన దాంట్లో డబ్బు పని మంచిది కాదని, దానికి వేరే లాప్‌టాప్ చూసుకోమన్నాను. పెళ్ళి పత్రికలు కూడా ఇంకా పేజ్‌మేకరులో, అనులోనే. ఆ వంకర్ల అక్షరాలు కావాలని పెళ్ళివాళ్ళు అడుగుతారు, పత్రికను మళ్ళీ వెతుక్కునే అవసరం ఎవరికీ రాదు, ఉండనీండి.

ప్రింటరు దగ్గర మాత్రం ఆదివారం సగం పోయింది. లినక్స్‌కు సరైన డ్రైవరు లేని పాత రకం అది, ఏవేవో కలిపితే ఒక పేజీ వస్తుంది, రెండోది రాదు. ప్రస్తుతానికి పీడీఎఫ్ చేసి ఆ రెండో యంత్రం నుంచి తీస్తున్నారు. ఇదే బాధ పడి గట్టెక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలాగో రాసి పుణ్యం కట్టుకోండి. వచ్చే నెల మళ్ళీ పోతున్నాను, ఈసారి మరదలు ఏదో మంచి కన్నడ ఫాంటు తెమ్మంది.