బుధవారం ఆఖరి పీరియడ్

పోయిన నెల ఓ ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లా. గుమ్మంలోనే పంచాయితీ. తొమ్మిదో తరగతి చదువుతున్న అక్క కొడుకు లెక్కల నోట్సు ఆమె చేతిలో ఉంది. ముందు పేజీల్లో సమీకరణాలు. వెనక పేజీలు తిప్పితే... వీధి చివరి టీకొట్టు, స్టూలు మీద కూర్చున్న ముసలాయన, ఆయన కాళ్ల దగ్గర ముడుచుకు పడుకున్న కుక్క.

‘‘చూడవే! వచ్చే ఏడాది టెన్త్. వీడేమో బొమ్మలేసుకుంటూ కూర్చున్నాడు’’ అంది అక్క.

నిజం చెప్పొద్దూ, బొమ్మ నాకు భలే నచ్చింది. ముసలాయన కుడి భుజం ఓ పక్కకి వాలిపోయి ఉంది. ‘‘అదేంట్రా అలా వేశావు?’’ అనడిగా. ‘‘ఆయన రోజూ నీళ్ల బిందెలు ఆ చేత్తోనే మోస్తాడు పిన్నీ’’ అన్నాడు. పదేళ్లుగా అదే వీధిలో ఉంటున్న మా అక్కకి ఆ సంగతి తెలీదు.

‘‘మరి స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ లేదా?’’

‘‘టైంటేబుల్లో ఉంది పిన్నీ. బుధవారం ఆఖరిది. లెక్కల సార్ తీసేసుకుంటారు.’’

మా హైస్కూల్లోనూ ఇంతే. డ్రాయింగ్ మాస్టారు స్టూలు మీద ఇత్తడి చెంబు పెట్టి మూడు వారాలు అదే గీయించారు. మొదటి వారం అందరం మనసులో ఉన్న చెంబు గీశాం. మూడో వారానికి గానీ ఎదురుగా ఉన్న చెంబు కనబడలేదు... దాని సొట్ట, కిటికీ వైపున్న మెరుపు, నీడ. మేం టెన్త్‌కి వచ్చేసరికి ఆ పీరియడ్లో సైన్సు స్లిప్ టెస్టులు పెట్టేశారు. మేమెవరం అడగలేదు. ఇళ్లల్లోనూ అడగలేదు.

కాగితాల మీద చూస్తే అన్నీ ఉన్నాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టమైతే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకుణ్ని పెట్టాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకీ సైన్సుకీ మధ్య గోడలుండకూడదంది. కానీ టెన్త్ పబ్లిక్ పరీక్షలో డ్రాయింగ్ పేపరు లేదు. మార్కులు లేని పీరియడ్‌ను ఎవరు పట్టుకెళ్లినా అడిగే దిక్కుండదు.

పోనీ, మార్కులు పెడితే సరిపోతుందా అంటే నాకు అనుమానమే. మర్నాడే చెంబు బొమ్మకీ ఆల్ ఇన్ వన్ వచ్చేస్తుంది!

వార్షికోత్సవాలున్నాయిగా అంటారు కొందరు. వారం ముందు బయటి నుంచి డ్యాన్సు మాస్టర్ని పిలిపించి, సినిమా పాటకి స్టెప్పులు వేయించి, అద్దె దుస్తులు తొడిగితే అది ఒక్క సాయంత్రం సంబరం. అదే ఓ చిన్న నాటిక పిల్లలే రాసుకుని, ఎవరేం వేషం వేయాలో కొట్లాడుకుని, మాట మర్చిపోయిన స్నేహితుణ్ని వేదిక మీదే ఆదుకుంటే... ఆ పాఠం ఏ గైడులో దొరుకుతుంది?

రాజమండ్రి కథ ఒకటుంది. వందేళ్ల కిందట అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి కూల్డ్రే అనే ఇంగ్లిషాయన ప్రిన్సిపాల్. దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మలు చూసి, ఇతని దారి ఇదేనని గుర్తించి బొంబాయి జేజే కళాశాలలో చదవడానికి ప్రోత్సహించాడు. 1897లో పుట్టిన రామారావు 28 ఏళ్లయినా నిండకుండానే 1925లో కన్నుమూశారు. అయినా ఆయన వేసిన చిత్రాలు చూడాలంటే ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉంది. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. పిల్లాడి నోటుపుస్తకం వెనక పేజీలు తిట్టకుండా చూసిన పెద్దమనిషి ఒక్కడున్నాడంతే.

ఇదంతా చెబితే అక్క వింది. ‘‘బానే ఉందే. బొమ్మలేస్తే ఉద్యోగం వస్తుందా?’’ అంది. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయని చెప్పా. ఆర్కిటెక్చర్లో చేరడానికి రాసే నాటా పరీక్షలోనూ డ్రాయింగ్ ఉంటుందని చెప్పా. చెబుతూనే నామీద నాకే విసుగొచ్చింది. ఆడుకునే పిల్లల్ని ‘ఆటలాడితే ఉద్యోగమొస్తుందా’ అని అడిగే మనుషులమే కదా మనం! వాడు రేపు ఇంజినీరైనా, బ్యాంకులో కూర్చున్నా, ఎదుటి మనిషి భుజం ఎందుకు వాలిందో చూడగలిగితే నష్టమేంటి?

అక్క ఏమీ అనలేదు. నోట్సు తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది.

తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు అడిగిందట, బుధవారం ఆఖరి పీరియడ్ ఏమైందని. ‘‘ఇప్పటిదాకా ఎవరూ అడగలేదమ్మా’’ అన్నారట ప్రిన్సిపాల్. చూస్తామన్నారట. ఈ బుధవారం తలుపు తోసుకుని లెక్కల సారే వస్తారో, ఇంకెవరైనా వస్తారో తెలీదు. వాడు మాత్రం నిన్ననే 4బి పెన్సిల్ చెక్కి బ్యాగులో పెట్టుకున్నాడు.